'అని' పరిధి: తెలుగు పార్సర్ వ్యాకరణంలో అంతర్వాక్యాలు

వాక్యంలో వాక్యం ఇమిడినపుడు దాని ముగింపును తెలుగు 'అని'తో సూచిస్తుంది. ఆరంభానికి గుర్తు ఇవ్వదు. పార్సర్‌కు వ్యాకరణం రాసేవారికి అసలు చిక్కు ఇదే.

'గోపి వస్తాడని సీత చెప్పిందని రాముడు అన్నాడు' అనే వాక్యంలో అంతర్వాక్యాలు రెండు. లోతుకొక సూత్రం చొప్పున రాస్తే మరొక 'అని' చేరగానే వ్యాకరణం చాలదు. 'వాక్యం = కర్త + క్రియ', 'వాక్యం = వాక్యం + అని + కర్త + క్రియ' అనే రెండు సూత్రాలు ఎంత లోతుకైనా సరిపోతాయి. అయితే రెండవది ఎడమ కొసన తననే పిలుచుకొంటుంది. పైనుంచి కిందికి దిగే పార్సర్ ఒక్క పదమైనా చదవకుండా అంతులేని వలయంలో పడుతుంది. పదాలను చదివి కిందినుంచి కూర్చే పార్సర్‌కు ఈ బాధ లేదు.

'రాముడు సీత గోపి వస్తాడని చెప్పిందని అన్నాడు' అన్నపుడు కర్తలను దొంతరగా నిలిపి, చివర చేరినదాన్ని ముందు తీయాలి. 'చెప్పింది'లోని అమహత్ ప్రత్యయం ఇక్కడ తోడ్పడుతుంది. కర్త లోపించినపుడు ఆ ఆధారమూ చాలదు. 'రాముడు వస్తాడని అన్నాడు'లో రాముడు వచ్చేవాడా, అన్నవాడా? రెండు అన్వయాలూ సాధువులే.

చిన్నయసూరి 'నీతిచంద్రిక' (1853)లో విష్ణుశర్మ చెప్పే కథలోని పాత్రలు మళ్ళీ కథలు చెబుతాయి. లోతుకు హద్దు పెట్టిన వ్యాకరణం అటువంటి గ్రంథంలో ఒకరి మాటను మరొకరికి అంటగడుతుంది. కాబట్టి తెలుగు పార్సర్ 'అని' వద్ద ఆగి వెనుకకు కూర్చుకోవాలి. సందర్భం తేల్చేదాకా సాధ్యమైన అన్వయాలన్నింటినీ నిలుపుకోవాలి.