బిళ్ల లేని ఆట: పాత పోరాట వీడియో గేముల పునర్నిర్మాణాలు

పాత కావ్యాన్ని పునర్ముద్రించడం వేరు, పరిష్కరించడం వేరు, తిరిగి రాయడం వేరు. కడపలో పండితులను చేర్చి తాళపత్ర ప్రతులను సరిపోల్చి చూపించిన సి.పి. బ్రౌన్ కాలం నుంచీ తెలుగు పరిశోధనకు ఈ భేదం పరిచితమే. వీడియో గేముల విషయంలో మాత్రం ఈ మూడింటినీ ‘రీమేక్’ అన్న ఒక్క మాటతో సరిపెడుతున్నారు.

తెర ఎడమ నుంచి కుడికి జరుగుతుండగా గుంపులుగా వచ్చే శత్రువులను పిడికిళ్లతో ఎదుర్కొంటూ ముందుకు సాగే ఆటలకు 1987 నాటి ‘డబుల్ డ్రాగన్’, 1989 నాటి ‘ఫైనల్ ఫైట్’ ప్రసిద్ధ ఉదాహరణలు. వీటి పాఠాన్ని నిర్ణయించింది బొమ్మ కాదు, యంత్రంలో వేసే బిళ్ల. ఆటగాడు ఎంత త్వరగా ఓడితే యంత్రానికి అంత రాబడి. ‘ఫైనల్ ఫైట్’లో రెండు మీటలు ఒకేసారి నొక్కితే చుట్టుముట్టినవారందరూ కూలుతారు, ఆ దెబ్బ తగిలినప్పుడు కొట్టినవాడి ప్రాణశక్తీ కొంత తరుగుతుంది. ఆపద గడవడానికి ఆయుష్షును అమ్ముకోవడమన్నమాట.

2020లో వచ్చిన ‘స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ 4’ను చేతితో గీసిన బొమ్మల కోసమే ఎక్కువగా మెచ్చుకున్నారు. ఆ మెప్పు అన్యాయం కాదు గానీ, దాని అసలు ప్రతిభ మరోచోట ఉంది. ఇందులో ప్రత్యేక దెబ్బకు తరిగిన ప్రాణశక్తిని, మళ్లీ దెబ్బ తినకముందే శత్రువులను కొట్టి తిరిగి రాబట్టుకోవచ్చు. పాత ఆటలో ఖర్చుగా ఉన్నది ఇక్కడ అప్పుగా మారింది. తీర్చేలోగా దెబ్బ తగిలితే తాకట్టు పెట్టింది పోయినట్టే. బిళ్ల లేని కాలంలో బిళ్ల కలిగించిన భయాన్ని నిలబెట్టిన మార్పు ఇది. మూలాన్ని అర్థం చేసుకున్నవారు మాత్రమే చేయగలిగిన తిరిగిరాత. 2022 నాటి ‘టీనేజ్ మ్యూటంట్ నింజా టర్టిల్స్: ష్రెడర్స్ రివెంజ్’ ఇంత దూరం ఆలోచించలేదు. ఆరుగురు కలిసి ఆడితే అది తిరునాళ్ల సందడి. ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియదు. అవకాశాలను పరిమితం చేసే ఆర్కేడ్ విధానం అందులో వేరుగా ఉన్నందుకు సంతోషించాలి.

భారతదేశపు వీడియో గేమ్ పార్లర్లలో పెరిగిన తరానికి అన్నిటికన్నా దగ్గరైన ఆటకు మాత్రం ఇటువంటి భాగ్యం దక్కలేదు. కాప్‌కామ్ సంస్థ 1993లో విడుదల చేసిన ‘కాడిలాక్స్ అండ్ డైనోసార్స్’ను ఇక్కడివారు ఆ పేరుతో పిలవలేదు. నలుగురు వీరులలో పసుపుపచ్చ టోపీవాడి పేరే ఆట పేరైంది: ముస్తఫా. ప్రజలు చేసుకున్న తొలి పునర్నిర్మాణం ఈ నామకరణమే. 2018లో కాప్‌కామ్ తన ఏడు పాత పోరాట ఆటలను ఒక సంపుటిగా తెచ్చినప్పుడు ఇది అందులో లేదు. మార్క్ షుల్ట్జ్ బొమ్మల కథ, కారు పేరు రెండూ పరుల సొత్తు కావడంతో పునర్ముద్రణ కూడా సులభం కాని ఆట ఇది.

అందువల్ల ముస్తఫా నేడు అనధికార నకళ్లలోనే జీవిస్తోంది. వాటిలో బిళ్ల వేయడానికి ఒక మీట నొక్కితే చాలు, ఎన్నిసార్లైనా. చావుకు విలువ లేనప్పుడు నైపుణ్యానికీ విలువ ఉండదు. పెద్దయ్యాక మళ్లీ ఆడినవారు ‘ఇంతేనా’ అనుకోవడానికి ఇదే కారణం. లోపం ఆటది కాదు. బేతంచెర్ల సమీపాన బిల్లసర్గం గుహల్లో 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వకాలు జరిపినప్పుడు, ఈ సీమలో ఇప్పుడు కానరాని ఖడ్గమృగం వంటి జంతువుల ఎముకలు దొరికాయి. ఎముక ఆకారాన్ని చెబుతుంది, నడకను పూర్తిగా చెప్పదు. నకలు ప్రతి కూడా అంతే.

పరిష్కర్తకు ఇంకొక చిక్కు ఉంది. శత్రువుల కాఠిన్యాన్ని, ఆటగాడికిచ్చే ప్రాణాల సంఖ్యను యంత్రం లోపలి అమరికలో పార్లర్ యజమానే మార్చుకోగలడు. బేతంచెర్లలో ఒక యంత్రం, రైలెక్కి నంద్యాల పోతే మరొక యంత్రం ఉన్నాయనుకుంటే, ఆ రెండింటిలోని ముస్తఫా ఒక్కడే కానక్కరలేదు. ‘మా ఊళ్లో ఆ ఆట ఇంకా కష్టంగా ఉండేది’ అనే మాటను గొప్పలుగా కొట్టిపారేయడం కన్నా పాఠభేదంగా నమోదు చేయడం మేలు. ఆ యంత్రాలు నడిపినవారు ఇంకా ఉన్నారు. ఏ అమరిక పెట్టారో వారినే అడగవలసి ఉంది.