మనవాడు కొత్వాల్ అయితే

సురవరం ప్రతాపరెడ్డి పేరు చెప్పగానే రెండు పుస్తకాలు గుర్తొస్తాయి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో 1934లో తెచ్చిన 'గోలకొండ కవుల సంచిక' ఒకటి. 1949లో వచ్చిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రెండోది. ఈ రెంటికీ మధ్య, 1939లో, ఆయన ఒక పోలీసు అధికారి జీవిత చరిత్ర రాశారు. హైదరాబాద్ కొత్వాల్ రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి గారిది. దాని గురించి మనం పెద్దగా మాట్లాడుకోం. మాట్లాడుకోవాలని నాకనిపిస్తుంది.

మాది నాగర్‌కర్నూలు వైపు. ఈ పుస్తకంలోని ఇద్దరూ మా పక్క వాళ్లే. వెంకటరామారెడ్డి గారు 1869లో వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో పుట్టారు. ప్రతాపరెడ్డి గారిది ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడు. ఒకాయన నిజాం కొలువులో అమీన్‌గా మొదలుపెట్టి, మెట్టు మెట్టు ఎక్కి, 1920లో రాజధాని నగరానికే కొత్వాల్ అయ్యారు. 1934 దాకా ఆ కుర్చీలో ఉన్నారు. ఉర్దూ రాజభాషగా, పెద్ద ఉద్యోగాలు ఎక్కువగా ముస్లిం ఉన్నత కుటుంబాల చేతుల్లో ఉన్న రాజ్యంలో ఒక తెలుగు హిందువుకి ఆ పదవి రావడం చిన్న విషయం కాదు. ఇంకొకాయన అదే రాజ్యంలో తెలుగు కోసం పత్రిక పెట్టి కొట్లాడారు. 1926లో మొదలైన ఆ 'గోలకొండ పత్రిక' వెనక కొత్వాల్ గారి ప్రోత్సాహం కూడా ఉంది. కొత్వాల్ గారు నిలబెట్టిన రెడ్డి హాస్టల్ బాధ్యతలు చూసింది కూడా ప్రతాపరెడ్డి గారే. అంటే తన పెద్దదిక్కు గురించి, ఆయన బతికుండగానే, నిజాం రాజ్యంలోనే రాసిన పుస్తకం ఇది. ఈ మూడూ మనసులో పెట్టుకుని చదవాలి.

ఇట్లాంటి జీవితాలు ఇంకెక్కడైనా ఉన్నాయా అని వెతికితే నాకు ఇస్తాంబుల్‌లో బెర్చ్ కెరెస్తెజియాన్ కనబడ్డాడు. ఆర్మీనియన్. ఆటోమన్ బ్యాంకులో పైదాకా ఎదిగిన బ్యాంకర్. 1915లో తన జాతి ఊచకోతకు గురైన దేశంలోనే ఉండిపోయాడు. 1934లో ఇంటిపేర్ల చట్టం వచ్చాక 'తుర్కేర్' అన్న పేరు చేరింది. 1935లో అఫ్యోన్‌కరాహిసార్ నుంచి పార్లమెంటుకి వెళ్లాడు. 1942లో ముస్లిమేతరుల నడ్డి విరిచిన సంపద పన్ను చట్టం వచ్చేనాటికి కూడా ఆయన సభ్యుడే. ఒక మనిషిని దగ్గరకు తీసుకుని, అతని వాళ్లను దూరంగానే ఉంచడం రాజ్యాలకు కొత్త విద్య కాదు.

కానీ పోలిక ఇక్కడిదాకానే. అక్కడ మిగిలింది గుప్పెడు మంది. ఇక్కడ తెలుగువాళ్లు రాజ్యంలో దాదాపు సగం. లెక్కలో ఎక్కువ, కచేరీలో తక్కువ. 1921లో హైదరాబాద్‌లో సంఘ సంస్కార సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టారు. అప్పటికి నగర కొత్వాల్ తెలుగువాడే! మనవాడు పైన ఉండటమూ, మన భాష పైకి రావడమూ ఒకటి కాదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

నాకు ఈ పుస్తకంతో పేచీ ఇక్కడే. ఇందులో కొత్వాల్ గారి సమర్థత, దాతృత్వం వెతుక్కోనక్కర్లేదు, చేతికి తగులుతూనే ఉంటాయి. కానీ కొత్వాల్ అంటే రాజుగారి కన్ను, చెయ్యి. 1929లో సభలకు ముందస్తు అనుమతి కావాలంటూ 53వ నెంబరు గస్తీ వచ్చింది. ఆ మరుసటి ఏడాదే జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించింది ప్రతాపరెడ్డి గారు. అంటే ఆంక్షల కింద సభ నడిపిన మనిషి, ఆంక్షలు పెట్టిన ప్రభుత్వపు పోలీసు అధికారి జీవితాన్ని రాస్తున్నాడు. ఆ ఇరకాటం గురించి నిలబడి మాట్లాడే గొంతు నాకు ఈ పుస్తకంలో వినబడదు. వినబడేది కృతజ్ఞత. పదేళ్ల తర్వాత ఇదే రచయిత, రాజుల కథ కాదు, జనం తిండీ బట్టా ఆటా పాటా చరిత్ర అని నిరూపించాడు. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు ఆ పుస్తకానికే. ఆ కళ్లతో కొత్వాల్ కచేరీని చూసి ఉంటే ఎట్లా ఉండేదో!

మరి ఎందుకు చదవాలి? రెడ్డి హాస్టల్ కోసం. అది 1918లో మొదలైంది. ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడ్డ సంవత్సరం కూడా అదే. పల్లెల నుంచి పట్నం చదువుకొచ్చిన పిల్లాడికి తలదాచుకునే చోటు, తెలుగు పుస్తకాలు, తోటి కుర్రాళ్లు. పేరులోనే కులం ఉంది, దాన్ని దాచక్కర్లేదు. భూమి ఉన్న కులానికి హాస్టల్ ముందు దొరికింది. వాళ్ల పొలాల్లో చాకిరీ చేసిన ఇళ్ల పిల్లలకు ఆ తలుపు అంత తేలిగ్గా తెరుచుకోలేదు. 'మనవాడు' అన్నప్పుడు ఆ 'మన'లో ఎవరున్నారని అడగాల్సింది అందుకే.

అయితే సంస్థలు కట్టినవాడి మాట వినవు. ఆ హాస్టల్‌లో చదువుకున్న రావి నారాయణరెడ్డి తర్వాత నిజాం మీద, దొరల మీద జరిగిన సాయుధ పోరాటానికి నాయకుడయ్యాడు. 1943లో ఆంధ్ర సారస్వత పరిషత్తు పుట్టింది కూడా అక్కడే. నిజాం కొత్వాల్ కట్టిన గూట్లోంచే నిజాం రాజ్యాన్ని కూల్చినవాళ్లు ఎగిరారు. 1939లో రాసిన పుస్తకానికి ఈ సంగతి తెలిసే వీల్లేదు. మనకు తెలుసు. తెలిసి చదివితే, పొగడ్తగా రాసిన పేజీలే పత్రాలుగా మారతాయి.

మన ఆఫీసుల్లో, అసెంబ్లీల్లో 'మనవాడు పైన ఉన్నాడు' అనే మాట ఇంకా నడుస్తూనే ఉంది. కొత్వాల్ గారి జీవితం దానికి ఒక కొలత ఇస్తుంది. ఆయన కుర్చీ 1934లో పోయింది. రాజు పాలన 1948లో పోయింది. హాస్టల్‌లో చదువుకున్న కుర్రాళ్లు మాత్రం రాజ్యం రూపురేఖలు మార్చారు. పైకెళ్లినవాడు కింద ఏం కట్టాడు, అందులోకి ఎవరిని రానిచ్చాడు? సురవరం వారు మొదటి ప్రశ్నకు నిండుగా జవాబు రాసిపెట్టారు. రెండోది మనం అడగాల్సిందే.