ప్రతిమా మండపం నుంచి పాసుపుస్తకం వరకు

తిరుమల ఆలయ మహాద్వారం దాటగానే కుడివైపు కృష్ణరాయ మండపం ఉంది. దీనినే ప్రతిమా మండపం అంటారు. ఇరుప్రక్కల తిరుమలదేవి, చిన్నాదేవి నిలిచి ఉండగా శ్రీకృష్ణదేవరాయల లోహ ప్రతిమ చేతులు జోడించి కనిపిస్తుంది. 1513 నుంచి 1521 వరకు ఏడుసార్లు కొండకు వచ్చి, విమానానికి బంగారు పూత పెట్టించిన చక్రవర్తి ఈయన. శిల్పి ఆయనకు సింహాసనం వేయలేదు. తలపై పొడవాటి కుళ్ళాయి, ముకుళిత హస్తాలు మాత్రమే. ఇది వినయమని సాధారణంగా వ్యాఖ్యానిస్తారు. ఆ మాట సగమే నిజం. దర్శనానికి వెళ్ళే ప్రతి భక్తుని కంటా పడేచోట నిలబడటం కూడా ప్రకటనే. అయితే రాజు సొత్తుకూ రాజ్యపు ఖజానాకూ మధ్య నేటి విభజన ఆనాడు లేదు కాబట్టి ‘ఎవరి సొమ్ము?’ అన్న ప్రశ్న పుట్టలేదు.

ఆ విభజన రాజ్యాంగం చేసింది. 266(3) అధికరణం ప్రకారం సంచిత నిధి నుంచి చట్టానుసారంగా తప్ప డబ్బు తీయరాదు. ఇక బొమ్మల సంగతి. కామన్ కాజ్ కేసులో 2015 మే 13న సుప్రీంకోర్టు, ప్రభుత్వ ప్రకటనల్లో పదవిలో ఉన్నవారిలో రాష్ట్రపతి, ప్రధానమంత్రి, భారత ప్రధాన న్యాయమూర్తి ఛాయాచిత్రాలనే అనుమతించింది. ప్రభుత్వం చేసిన పని ఒక వ్యక్తి ఖాతాలో పడి వ్యక్తిపూజ పెరుగుతుందన్నది కోర్టు తర్కం. తర్కం గట్టిది, మినహాయింపు బలహీనం. ముఖ్యమంత్రి బొమ్మతో పెరిగే వ్యక్తిపూజ ప్రధానమంత్రి బొమ్మతో పెరగదా? 2016 మార్చి 18న పునస్సమీక్షలో కోర్టు ఆ తలుపును మూయకుండా ఇంకా తెరిచింది. గవర్నర్లు, ముఖ్యమంత్రులు, సంబంధిత మంత్రులు కూడా లోపలికి వచ్చారు. తీర్పులో మిగిలిన బలం చాలావరకు అక్కడే పోయింది.

మరొక లోపాన్ని మీరు గమనించాలి. ఆ మార్గదర్శకాలు ప్రకటనలకు ఉద్దేశించినవి; హక్కుపత్రాల ఊసు వాటిలో లేదు. ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే తర్వాత ఇచ్చిన పట్టాదారు పాసుపుస్తకాలపై అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి బొమ్మ ముద్రించారు. పేపరులో వచ్చే ప్రకటనను మర్నాడు పొట్లం కట్టేస్తాం. పాసుపుస్తకం అలా కాదు, బ్యాంకు అప్పుకూ వారసత్వానికీ దాన్నే చూపాలి. తాతల నాటి పొలం పత్రంపై పాలకుని ముఖం వేస్తే, రైతు హక్కు ఆయన చేసిన దానంలా కనిపిస్తుంది. ప్రకటన కంటే ఇది పెద్ద దుర్వినియోగమని నా అభిప్రాయం.

న్యాయస్థానాలకు ఇక్కడ దారి లేకపోలేదు. పంచాయతీ భవనాలకు వేసిన పార్టీ రంగులను తొలగించాలని 2020లో హైకోర్టు ఆదేశిస్తే సుప్రీంకోర్టు సమర్థించింది. రంగుకు వర్తించిన సూత్రం ముఖానికి వర్తించకూడదనడానికి కారణం కనబడదు. పాసుపుస్తకంపై ఆ బొమ్మకు బదులు రాజముద్ర వేయాలన్న నిర్ణయం మాత్రం 2024లో ప్రభుత్వం మారాకే వచ్చింది.