మాస్కో మరియా, పీటర్స్‌బర్గ్ మరియా

మరియా ఎర్మోలోవా పుట్టింది 1853లో, మరియా సావినా 1854లో. ఇద్దరిదీ రంగస్థలం అన్నం పెట్టిన ఇల్లే. కానీ ఎర్మోలోవా తండ్రి మాస్కో మాలీ థియేటర్లో ప్రాంప్టరు. సావినా తండ్రి డ్రాయింగు మాస్టరు ఉద్యోగం మానేసి ఊరూరా నాటకాలాడిన మనిషి. ఒకామె సర్కారీ నాటకశాల నీడలో బ్యాలే నేర్చుకుంది. 1870లో మాలీ నటి ఫెదోతోవా జబ్బుపడితే ఆమె బదులు లెస్సింగ్ ‘ఎమీలియా గలోట్టి’లో నిలబడి, ఒక్క రాత్రిలో పేరు తెచ్చుకుంది. రెండో ఆమె పసితనం నుంచీ చిన్న ఊళ్ళ వేదికలమీద దొరికిన వేషమల్లా కట్టి, 1874లో పీటర్స్‌బర్గ్ అలెక్సాండ్రిన్‌స్కీ థియేటరుకి చేరింది. ఇక చచ్చేదాకా అక్కడే.

వీళ్ళను పోల్చడానికి రెండు బెనిఫిట్ రాత్రులు చాలు. ఆ రోజుల్లో పెద్ద నటులకు ఏడాదికో ఆట రాసిచ్చేవారు. ఆ రాత్రి వసూళ్ళూ వాళ్ళవే, నాటకం ఎంపికా వాళ్ళదే. మిగతా రోజుల్లో ఇచ్చిన పాత్ర వేస్తారు కాబట్టి, నటి మనసు తెలిసేది ఆ ఎంపికలోనే.

1876లో ఎర్మోలోవా లోపే దె వేగా ‘ఫుయెంతె ఒవెహూనా’ను ఎంచుకుంది. దొర చేతుల్లో చెడి, జుట్టు విరబోసుకుని వచ్చిన లౌరెన్సియా, పంచాయతీలో కూర్చున్న మగవాళ్ళను దులిపేస్తుంది. ఊరు ఊరంతా తిరగబడి దొరను చంపుతుంది. రైతుల కోసం తపిస్తున్న విద్యార్థులు నిండిన మాస్కోలో ఆ మాటలు ఎవరికి తగిలాయో వేరే చెప్పాలా? కొద్ది ఆటలకే దాన్ని ఆపేశారు.

సావినా 1879లో తుర్గేనెవ్ ‘పల్లెలో ఒక నెల’ను తీసింది. 1850లో రాసిన నాటకం. సెన్సారు తొక్కిపెట్టింది, 1872లో మాలీలో ఆడితే ఎవరికీ పట్టలేదు, రచయితే అది వేదికకు పనికిరాదనుకున్నాడు. అందులో వేరొచ్కా పెద్ద పాత్ర కూడా కాదు. పెంచిన ఆమె, తనూ ఒకే కుర్రాణ్ణి ప్రేమిస్తున్నామని తెలిసి, రెండు మూడు రోజుల్లో పిల్ల కాస్తా ఆడదైపోయే పాత్ర. కేకల్లేవు. తుర్గేనెవ్ వచ్చి చూసి, తను రాసింది ఇదేనా అని ఆశ్చర్యపోయాడు. ఆ తర్వాత ఆమెకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు.

ఎర్మోలోవా పాత్రను నాటకం కన్నా పెద్దది చేసేది. 1884 నుంచి 18 ఏళ్ళు షిల్లర్ నాటకంలో జోన్ ఆఫ్ ఆర్క్‌గా నిలిచింది. 1905లో చిత్రకారుడు సెరోవ్ వేసిన నిలువెత్తు చిత్తరువు, నల్ల దుస్తుల్లో, కిందినుంచి పైకి చూస్తున్నట్టు, ఆ జోన్‌నే గుర్తుచేస్తుంది. మనం ఆమెను గొప్పదనడంలో ఆ బొమ్మ చేయి కొంత ఉందని నా అనుమానం. తొలి ఏళ్ళలో అంటగట్టిన తేలికపాటి హాస్యపాత్రలు ఆమెకు అచ్చిరాలేదు. సావినాకు ఆ ఇబ్బంది లేదు. 1895లో టాల్‌స్టాయ్ ‘చీకటి శక్తి’లో ఆమె కోరి వేసింది మందబుద్ధి పల్లెపిల్ల అకులీనాను. కీర్తి కోరే నటి ముట్టుకునే పాత్ర కాదది. నాటకాన్ని చదివే నేర్పులో, రచయితకే తెలియని నాటకాన్ని అతనికి చూపించిన సావినాకే నా ఓటు.

అయితే ఆమె చూపుకూ ఒక ఎల్ల ఉంది. 1896లో చెహోవ్ ‘సీగల్’లో నీనా పాత్ర మొదట ఆమెకే వచ్చింది. వయసు నలభై దాటింది, వేయనని తప్పుకుంది, కొమిస్సర్‌జెవ్‌స్కాయా వేసింది. వయసు సంగతి నిజమే, అయినా ఆ అవకాశం జారిపోయింది. ఎర్మోలోవా అయితే షిల్లర్, ఒస్ట్రోవ్‌స్కీల లోకాన్ని దాటి చెహోవ్ దాకా రాలేదు.

1920లో కొత్త ప్రభుత్వం ప్రజా కళాకారిణి బిరుదును ముందుగా ఇచ్చింది ఎర్మోలోవాకే. సావినా 1915లోనే పోయింది. ఊరూరా తిరిగిన బాల్యం ఆమె చేత మరో పని చేయించింది: చేతిలో చిల్లిగవ్వ లేని నటుల కోసం సంఘం, ముసలి నటులకు పీటర్స్‌బర్గ్‌లో ఒక ఆశ్రమం. ఆ ఆశ్రమానికి ఇప్పటికీ ఆమె పేరే.