తోలుబొమ్మలాటలో బాలవీరులు

యుద్ధకథను బొమ్మలలో చెప్పి, అందు బాలురను వీరులుగా నిలుపుట అచ్చు పుస్తకములతో పుట్టిన పద్ధతి కాదు. ధర్మవరము చెంత నిమ్మలకుంటలో నేటికిని నిలిచియున్న తోలుబొమ్మల కళ దీనికి నిదర్శనము. ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది. హిందూపురమునకు చేరువనున్న లేపాక్షిలో 16వ శతాబ్ది చిత్రకారులు కిరాతార్జునీయమును మండపపు కప్పుపై వరుస చిత్రములుగా లిఖించిరి. అనగా చిత్రకథ ఈ సీమకు క్రొత్త కాదు. అయితే లేపాక్షి చిత్రము మౌనముగా నిలుచును. తోలుబొమ్మ కదలి పలుకును.

ఇట్టి ఆటలలో లవకుశుల కథ ప్రత్యేక పరిశీలనకు తగినది. అశ్వమేధాశ్వము అడుగిడిన నేలయెల్ల తన ప్రభువుదే యని చాటును. దానిని కట్టివేయుట ఆ యాధిపత్యమును త్రోసిపుచ్చుటయే. వాల్మీకి ఉత్తరకాండలో ఈ యుద్ధము లేదు; అందు కుశలవులు యజ్ఞవాటికలో రామకథను గానము చేయుదురు. జైమిని భారతమున గానమునకు మాఱుగా బాణము వచ్చినది. ఆ గ్రంథమును పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు తెనిగించి సాళువ నరసింహునకు అంకితమిచ్చెను. అందు ఈ కథ అర్జున బభ్రువాహనుల పోరునకు పోలికగా చెప్పబడినది. రెండింటను అశ్వమును పట్టినవారు కుమారులే, ఎదిరింపబడినవాడు తండ్రియే.

కావ్యమున బాలుర చిన్నతనమును కవి మాటిమాటికి గుర్తుచేయవలెను. తెరపై ఆ యవసరము లేదు. నిలువెత్తు యోధుని బొమ్మ యెదుట చిన్నబొమ్మ నిలుచుటతోనే అసమానత ప్రేక్షకునకు గోచరించును. నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి నవ్వించిపోవుదురు. ఆ నవ్వు వీరరసమునకు భంగము కాదు. రాజసభకు దూరమైన జనుల గొంతు ఆటలో వినవచ్చుట దానివలననే.

తండ్రి యని తెలిసినంతనే ప్రతిఘటన చల్లారుటచే ఇది నిజమైన ఎదిరింపు కాదని ఆక్షేపింపవచ్చును. ఆ యాక్షేపణలో కొంత సత్యము కలదు. 1565 పిమ్మట విజయనగర రాజధానియై ముట్టడులకు గురియైన పెనుకొండ చరిత్రను ఈ కథలో వెదకరాదు. రెండవ ప్రపంచ యుద్ధము పిమ్మట ఐరోపాలో వెలువడిన యుద్ధ చిత్రకథలలో ఆక్రమించినవాడు సాధారణముగా పరాయివాడు. వాని ఓటమియే కథకు ముగింపు. ఇచ్చట గెలుపే శోకకారణమగుచున్నది. పడినవాడు తమ తండ్రియని తెలిసిన పిదప బాలురకు ఆ విజయమున ఆనందము లేదు. అయినను గుఱ్ఱమును కట్టుట తప్పని ఆట ఎచ్చటను తీర్పు చెప్పదు. శౌర్యమును మెచ్చుచునే యుద్ధమును మెచ్చకుండుట ఈ ఘట్టమునకు గల విశిష్టత. దీనిని పిల్లల వినోదముగా మాత్రమే లెక్కించు విమర్శ ఈ గుణమును గుర్తింపజాలదు.