కోస్తా కబురు

మాకు సముద్రం లేదు. మచిలీపట్నం రేవు నుంచి నల్లగొండ రెండు వందల కిలోమీటర్లకు పైనే. పాలమూరు ఇంకా లోపల, ఇంకా పైన, దాదాపు 500 మీటర్ల ఎత్తున. మా ఊళ్లలో అల చప్పుడు విన్న చెవులు తక్కువ. ఉప్పుగాలికి తుప్పు పట్టిన గొళ్లెం ఒక్కటీ కనపడదు. అయినా పొద్దుగూకి రేడియోలో వాతావరణ వార్తలు మొదలైతే, వాకిట్లో నులకమంచం మీద కూర్చున్న మా నాయిన చేయి ఎత్తి ఇంటిల్లిపాదినీ ఊరుకోమనేవాడు. పొయ్యి మీద గిన్నె కూడా చప్పుడు చేయొద్దు. పశ్చిమ మధ్య బంగాళాఖాతం అన్న మాట వినపడాలి ఆయనకు. ఆ సముద్రాన్ని ఒక్కసారైనా చూడకుండానే పోయాడు. దాని ఏ మూల ఏం కదులుతుందో మాత్రం రోజూ కనుక్కునేవాడు, దూరదేశం పోయిన బిడ్డ క్షేమం కనుక్కున్నట్టు.

కోస్తా కబురా, ఆ ఎత్తిన చేయే మా ఇంట్లో నీకు పెట్టిన దండం.

పడమటి సముద్రానికి మా మీద కోపమేం లేదు. నైరుతి గాలి మోసుకొచ్చే నీటిమూట సహ్యాద్రి ఎక్కేటప్పుడే విప్పుకుంటుంది. కొండకు ఆవల కుండపోత, ఈవల వానచాటు. ఆ చాటునే పడ్డయి మా పల్లెలు. అక్కడ కురిసిన నీళ్లే మహాబలేశ్వరం దగ్గర కృష్ణమ్మై పుట్టి, పాలమూరు పడమటి అంచున మా నేల తొక్కి, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్ మెట్లు దిగి పోతుంటయి. నది లోతున నడుస్తుంది, చెలక ఎత్తున ఎండుతుంది. ఊళ్లకు ఊళ్లు మూటలు కట్టుకుని పోయి ఎక్కడెక్కడో ఆనకట్టలు కట్టి వచ్చిన పాలమూరు కూలీకి తన చెలక మీదికి నీళ్లు ఎక్కించే దారి ఎన్నో ఏళ్లు దొరకలేదు. కాలువ ఎక్కని ఎర్రనేలకు మొగులే కాలువ. ఆ కాలువకు తూము తూర్పున, బంగాళాఖాతంలో ఉంది. దాని తాళంచెవి గలగల నీ నోట వినాలి.

కబురా, నీ నోట మొదట వచ్చేది ఉపరితల ఆవర్తనం. నీళ్లకు చాలా ఎత్తున గాలి ఒక సుడి తిరిగిందంటావు. ఆ తర్వాత అల్పపీడనం. వేడెక్కిన సముద్రం మీద గాలి పైకి లేచిపోతే అక్కడ బరువు తగ్గి ఒక వెలితి ఏర్పడుతుంది. ఆ వెలితిని నింపడానికి నాలుగు దిక్కుల నుంచి తేమ పరుగెత్తుకొస్తుంది. అల్పులమనిపించుకున్నవాళ్లం మేం, పీడన ఎరిగినవాళ్లం. ఆ రెండు మాటలనూ ఒకటి చేసి వాన పుట్టే చోటికి పేరు పెట్టినందుకు నీకు శరణు. గాలి గంటకు 31 కిలోమీటర్లు అందుకుంటే వాయుగుండం. 62 అందుకుంటే తుపాను. ఈ మెట్లలో మేం మొక్కేది కింది మెట్టుకు.

నీ దగ్గర వానకు నాలుగు కొలతలున్నయి. దాదాపు అన్నిచోట్ల అన్నావంటే నూరు వానకొలత కేంద్రాల్లో 76కు తక్కువ కాకుండా తడుస్తయి. చాలాచోట్ల అంటే 51 నుంచి 75. కొన్నిచోట్ల అంటే 26 నుంచి 50. అక్కడక్కడ అంటే 25 లోపు. మా బతుకు ఎక్కువగా ఆ ఆఖరి మాటలో గడిచింది. బాటకు ఇవతల చాళ్లు నిండి, అవతల దుమ్ము లేచిన మధ్యాహ్నాలు చూసినం. ఒక్క గట్టుకు ఒక దిక్కు పదునై, ఇంకో దిక్కు బీడు వారింది. మిరుగం నాడు చల్లిన ఇత్తనం మాడితే ఆరుద్రలో మళ్లీ కొన్నం. ‘అక్కడక్కడ’లో మా చెలక ఉందో లేదో నీకూ తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్టు నువ్వు ఎప్పుడూ చెప్పలేదు. పాతిక పాళ్ల ఆశను పాతిక పాళ్లుగానే కొలిచి దోసిట్లో పోసినవు. కరువు సీమలో అంతకంటే నికరమైన తూకం ఏముంటుంది!

నీ ఏడు రోజుల మాట వింటే ఏడు తీరుల పనులు కదులుతయి. ఎల్లుండి వాన ఉందంటే పత్తికి మందు కొట్టే మనిషి పంపు దించుతాడు, కడుక్కుపోతుందని. పైపాటుగా చల్లాలనుకున్న యూరియా బస్తా తేమ కోసం ఆగుతుంది. గొర్రెలకాపరి మందను వాగు ఇవతలికి మళ్లిస్తాడు. బత్తాయి తోటలో ట్యాంకరు నీళ్లకు పోయిన మనిషి ఒక్కరోజు చూద్దామని తిరిగొస్తాడు. ముంబై బస్సుకు సంచి సర్దుకున్న ఆలుమగలు ఇంకొక్క వారం అనుకుని సంచి చిలక్కొయ్యకు తగిలిస్తరు. ఒక్క వారం! వలసకూ ఉనికికీ నడుమ నిలబెట్టిన సన్నని గోడ అది.

ఆ తర్వాత ఒక రాత్రి తూర్పున మెరుస్తుంది. గాలి దిక్కు మారుతుంది. పశువులు ముట్టెలు పైకెత్తుతయి. తొలి చినుకు కంది ఆకు మీద, రెండోది పెంకు మీద, ఆపైన లెక్క తప్పుతుంది. వాడి వేలాడిన ఆముదపు ఆకులు తెల్లవారేసరికి అరచేతుల్లా విచ్చుకుంటయి. దీపం చుట్టూ ఉసిళ్లు. కుంటల్లో కప్పల మేళం. నాలుగు నాళ్లకు గుట్ట మీద తంగేడు పచ్చబడుతుంది, గట్ల మీద గునుగు తెల్లబడుతుంది, బతుకమ్మకు పూలబాట తయారవుతుంది. నల్లగొండ పక్కన పానగల్లు చెరువులో నీళ్లు మెట్టు మీద మెట్టు ఎక్కుతయి. కందూరు చోడుల కాలంలో ఉదయన చోడుడి పేరిట వెలిసిన ఆ చెరువును ఉదయ సముద్రమన్నరు. సముద్రం లేనివాళ్లం కనుక చెరువుకే ఆ పేరు పెట్టుకున్నం. నువ్వు కబురు చెప్పిన ప్రతిసారీ పెద్ద సముద్రం లేచి వచ్చి చిన్న సముద్రాన్ని పలకరించి పోతుంది.

అయినా కబురా, మాకు వానైనది తీరానికి ఏమవుతుందో మరిచి నిన్ను కొలవలేను. 1977 నవంబరు 19న తుపాను అల దివిసీమను ఊడ్చుకుపోయింది. పదివేలకు పైగా ప్రాణాలు పోయినయి. మా గుట్టల కింది నుంచి నడిచిపోయిన కృష్ణమ్మ సముద్రాన్ని కలిసే చోటు అది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. థాయిలాండ్ పెట్టిన ఆ పేరుకు పరిమళించే పువ్వని అర్థమట. తీరాన్ని కొట్టి అది మా దాకా వచ్చింది. కల్లాల్లో ఆరబోసిన వడ్లు నానినయి. పగిలిన పత్తి చెట్టు మీదనే నల్లబడింది. కోరుకున్న వానే అదును తప్పితే ఎట్లుంటుందో తడిసిన వడ్లను దోసిట పట్టినప్పుడు తెలిసింది. మా ఒక్క తడుపు కోసం అవతల ఒక ఇల్లు కూలాలంటే ఏ నోటితో మొక్కాలి?

ఆ ప్రశ్నకు జవాబు నీలోనే ఉంది. నీ మాటల చివర, మా కోసం కాని ఒక వాక్యం ఉంటుంది. రేవుల్లో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని, మత్స్యకారులు వేటకు వెళ్లరాదని. ఆ మాట ముందుగా చేరితే పడవలు ఒడ్డెక్కుతయి, వలలు ఇల్లు చేరుతయి, పసిపిల్లలను చంకనేసుకుని తల్లులు గట్టి గోడల చాటుకు పోతరు. తీరాన మనుషులు పదిలంగా ఉన్నరని తెలిసినప్పుడే ఇక్కడ మా చేతులు తూర్పు మొగులు వైపు లేస్తయి. మాకు వానను, వాళ్లకు వ్యవధిని ఒక్క నోటితో పంచేదానివి నువ్వు.

చిన్నప్పుడు నాకు ఒకటి అర్థమయ్యేది కాదు. మా జిల్లాల మాట అయిపోయినంక కూడా నాయిన చేయి దించేవాడు కాదు. మాకు పడవ లేదు, వల లేదు, మా వాగుల్లో మోకాలి లోతు నీళ్లు లేవు. అయినా వేటకు వెళ్లరాదన్న ఆ వాక్యం పూర్తయ్యేదాకా ఆ చేయి అట్లనే గాలిలో నిలిచేది. అది అయిపోయినంకనే మెల్లగా దించి, “ఆఁ, ఇప్పుడు అన్నం పెట్టుండ్రి” అనేవాడు.

కోస్తా కబురా, ఇవాళ నా చేతిలో ఫోన్ ఉంది, అందులో నువ్వున్నవు. ఈ వారం తూర్పున మళ్లీ ఏదో సుడి తిరుగుతోందంటున్నవు. అక్కడక్కడ అంటున్నవు. చెప్పు, ఆఖరి వాక్యం దాకా చెప్పు. చేయి ఎత్తే ఉంచిన.