జగన్మోహిని మలికథ

పూర్వకథను మెచ్చినవారు ఉత్తరకథను శంకతో చూచుట లోకములో వాడుక. తొలి గ్రంథము కవి హృదయమునుండి పుట్టినదనియు, మలి గ్రంథము చదువరుల కోరికమీదనో ప్రకటనకర్తల లాభముకొఱకో పుట్టినదనియు మన యనుమానము. అది తఱచు నిజమే కావచ్చును. కాని తెలుగువారి కీ చిన్నచూపు తగదు. తిక్కన సోమయాజి భారతమునకు ముందు చేపట్టినది నిర్వచనోత్తర రామాయణము. నాచన సోమనకు పేరు తెచ్చినది ఉత్తర హరివంశము. కంకంటి పాపరాజును మనము తలచుకొనుట ఉత్తర రామాయణము వలననే. పట్టాభిషేకముతో కథ ముగిసిన పిమ్మట నింకను చెప్పవలసినది కలదని మన కవు లెఱిగియుండిరి. పొందుట యొక కథ, పొందినదానిని నిలుపుకొనుట వేఱొక కథ.

మాకీ మాట స్ఫురించుటకు కారణము అమెరికా రచయిత టి. జె. క్లూన్ వ్రాసిన రెండు నవలలు. మొదటిది, 'ది హౌస్ ఇన్ ది సెరూలియన్ సీ', 2020లో వెలువడినది. మంత్రశక్తులు గల పిల్లలపై నిఘా యుంచు సర్కారు శాఖలో లైనస్ బేకర్ అను నుద్యోగి కలడు. అట్టి పిల్లలుండు నొక ద్వీపములోని యనాథాశ్రమమును తనిఖీ చేయుటకు వచ్చి, వారిని సాకుచున్న ఆర్థర్ పార్నాసస్‌ను ప్రేమించుట అందలి కథ. ఇద్దఱును పురుషులే. రెండవది, 'సమ్‌వేర్ బియాండ్ ది సీ', 2024లో వచ్చినది. ఇందు కథ ఆర్థరు చూపునుండి నడచును. ప్రేమ కుదిరినది, ఇక నిల్లు నిలువవలెను. తన బాల్యమున బడిన బాధలను ఆర్థరు బహిరంగ విచారణలో చెప్పవలసివచ్చును. ఈ పిల్లలు మా బిడ్డలేయని యా జంట అధికారుల యెదుట నిలువవలసివచ్చును. తొలి నవలయందలి క్రొత్తదనపు మిఱుమిట్లు ఇందు లేవు. అధికారుల దుర్మార్గమును జెప్పు చోట్లు కొన్ని ఉపన్యాసమువలె సాగును. అయినను మాకు రెండవదియే హెచ్చు తృప్తి నొసగినది. తొలి పుస్తకమున మనము లైనసు వెంట నా ద్వీపమునకు పరాయివారమై దిగుదుము. మలి పుస్తకమున నా యింటివారమై, వాకిట నిలిచిన తనిఖీదారుని మనమే శంకతో జూతుము. చదువరిని గడపకు వెలుపలినుండి లోపలికి దెచ్చుటయే యుత్తరకథ చేయగల మేలు.

ఇట్టి కథలు సీమనుండి దిగుమతి యైనవనియు, మన యిండ్లలో వీనికి చోటు లేదనియు పెద్దలు కొందఱందురు. వారిని మేము రఘునాథపల్లికి రమ్మని పిలిచెదము. సికింద్రాబాదునుండి కాజీపేటకు పోవు రైలుదారిలోని యీ యూరు 2016లో నేర్పడిన జనగామ జిల్లాలోనిది. ఆ జిల్లాలోనే, పాలకుర్తి మండలమున, బమ్మెర కలదు. పదునైదవ శతాబ్దమునాటి పోతన యింటిపేరు ఆ యూరిపేరే. ఆయన తెనిగించిన భాగవతమున, అష్టమస్కంధమునందు, ఒక మోహనకథయు దాని మలికథయు కలవు. మొదటిదానిని పిల్లలుకూడ నెఱుగుదురు. రెండవదానిని పెద్దలుకూడ నెక్కువగా తలపెట్టరు.

మొదటి కథ పాలకడలి చిలికిన నాటిది. అమృతకలశమును రాక్షసులు లాగికొనిపోగా హరి స్త్రీరూపమున వారి నడుమ నిలిచెను. వారు మోహపడి కలశమును తామే యామె చేతి కిచ్చిరి. ఆమె దేవతలకు మాత్రమే పంచెను. ఇందు సొగసున్నది, తెలివియున్నది, కాని ప్రేమ లేదు. మోహిని యిచట నొక యుపాయము మాత్రమే. పని తీరగానే యా రూపమును హరి విడిచెను.

మలికథ యిట్లు. హరి యాడురూపు దాల్చి దానవులను వంచించిన సంగతిని శివుడు వినెను. విని, నందినెక్కి, భవానితోను భూతగణములతోను హరియున్న చోటికి వచ్చి, స్తుతించి, ఆ రూపము నొకసారి తనకు జూపుమని యడిగెను. అది కోరిక రేపు రూపమని హరి ముందుగనే చెప్పి, మాయమయ్యెను. అంతలో నొక పూదోటలో బంతి నాడుచున్న కన్య కానవచ్చెను. గాలికి చీర తొలగెను. శివుడు భవాని చూచుచుండగనే సిగ్గు విడిచి యామె వెంటబడెను. ఆ పరుగులో నాయన తేజము పడిన చోటులెల్ల వెండి బంగారముల నెలవు లాయెనని కథ. పిదప నాయన తన్ను దాను తెలిసికొని నిలిచెను. బెగడులేక, సిగ్గులేక నిలిచిన శివుని జూచి హరి మిక్కిలి ప్రీతినొంది, తన పురుషరూపముతోనే యెదుట నిలిచి మెచ్చికొనెను. శివుడు ఇల్లు చేరి, జరిగినదానిని దాచక భవానితో ముచ్చటించెను.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచి చదివినచో మలికథ యెందులకు పుట్టినదో తెలియును. రాక్షసులు మోహినిని హరియని యెఱుగరు. శివు డెఱుగును. ఎఱిగియే కోరి వచ్చినాడు. మొదటిదానియందు మోహమునకు మూలము మోసము, రెండవదానియందు మోహమునకు ముందు పరిచయమును స్తుతియు కలవు. మొదటి మోహిని కొక పని కలదు. రెండవ మోహిని వచ్చుట కేవలము ఒక మిత్రుని వేడుక తీర్చుటకే. ఒక విధముగా శివుడు మనవంటి చదువరియే: తొలికథను విని, అంతతో తనివి తీరక, మలికథను గోరినవాడు.

పోతన స్వలింగానురాగమును సమర్థింప నీ కథ చెప్పెనని మేమనము. ఆయన యుద్దేశము విష్ణుమాయ యొక్క బలిమిని జెప్పుట. జితేంద్రియుడైన శివుడే చలించెనన్నచో నితరుల మాట యేమని కథ తాత్పర్యము. మఱియు, అపు డచట నున్నది స్త్రీయే గదా, ఇందు విపరీత మేమున్నదని మఱికొందఱు వాదింతురు. కవి తాత్పర్యము వేఱైనను కథలోని సంగతులు మాఱవు. శివుడు పేరు పెట్టి యడిగినది హరిని. చివర మెచ్చికోలు పలికినది పురుషరూపమున నున్న హరి. ఈ నడుమ జరిగినదానిని పాపమని గాని, ప్రాయశ్చిత్తము వలయునని గాని కథలో నెవరు ననలేదు. చూచుచుండిన భవానియు శపింపలేదు. నేటి యువకులు క్వియర్ అను మాటతో జెప్పు ననుభవమంతయు నిందున్నదని మేమనము గాని, దానికి మన పురాణములో గూర్చుండుటకు పీట యొకటి యున్నదని మాత్రము చెప్పగలము.

ఈ కథలో మాకు నచ్చని భాగమును కలదు. కన్య పరుగిడుచుండగా వెంబడించి పట్టుట, ఆమె విడిపించుకొని మరల పరుగిడుట నేటి చదువరికి ముల్లువలె గ్రుచ్చుకొనును. ఇది లీలయని సరిపెట్టుకొమ్మనుట చాలదు. ఒల్లని స్త్రీని తఱుముటను శృంగారమని వర్ణించుట మన ప్రబంధములన్నిటికి నంటిన జాడ్యము. స్త్రీపురుషుల కథలందు దానిని ఖండించు మనము ఇచట మాత్రము కన్ను మూసికొనుట న్యాయము కాదు. క్లూన్ నవలల కీ విషయమున మేలు చేయి యున్నది. అందు ప్రేమ ఒకరినొకరు అడిగి, వేచి, మెల్లగా సాగును.

నవమస్కంధములోని సుద్యుమ్నుని వృత్తాంతము దీనికి పొరుగుకథ. ఇలయను కూతురుగా బుట్టి, వసిష్ఠుని ప్రార్థనచే సుద్యుమ్నుడను కొడుకై, వేటకు బోయి శివపార్వతులు విహరించు వనము జొచ్చి మరల స్త్రీయై, బుధుని వరించి పురూరవుని గనెను. తుదకు శివుని యనుగ్రహమున నొకనెల పురుషుడు, ఒకనెల స్త్రీ యయ్యెను. ఇంతవరకు నద్భుతము. దాని తరువాతి మాటయే మమ్ము కలచునది: ఆయన రాజ్యమేలినను ప్రజలు మెచ్చలేదని సంస్కృత మూలము చెప్పుచున్నది. దేవుడు వర మిచ్చెను, జను లంగీకరింపలేదు. చంద్రవంశమంతయు నెవని కడుపున బుట్టినదో యా రాజే తన యూరికి కొఱగాని వాడయ్యెను.

ఈ మాట పురాణముతో నిలువలేదు. రఘునాథపల్లి సీమ నైజాము రాజ్యములో నుండగా, 1329 ఫసలీలో, అనగా 1919లో, హిజ్రాలను గూర్చి యొక చట్టము పుట్టినది. వారి పేరులను దప్తరు కెక్కింపవలెననియు, ఆడువేషమున బహిరంగ స్థలమున కానవచ్చినచో వారంటు లేకయే పట్టుకొనవచ్చుననియు నందలి విధులు. జగన్మోహినిని తెనిగించిన కవి సీమలో మోహినీవేషము నేరమయ్యెను! నాటకశాలలలో స్థానం నరసింహారావు సత్యభామయై నిలిచినపుడు చప్పట్లు చఱచిన తెలుగువారే, వీధిలో నట్టి చీరను జూచి పోలీసును పిలుచుటకు సందేహింపలేదు. ఆ చట్టమును తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది.

దేశమంతటికిని గూడ నిట్టి రెండు కథలు కలవు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు పెద్దల యిష్టపూర్వకమైన స్వలింగప్రేమ నేరము కాదని తీర్పు చెప్పినది. అది తొలికథ. 2023 అక్టోబరు 17న, అట్టి జంటలకు వివాహము హక్కుగా లేదనియు, ఆ పని శాసనసభలదనియు నా న్యాయస్థానమే పలికినది. పునర్విచారణ కోరిన యర్జీలను 2025 జనవరిలో త్రోసివేసినది. ప్రేమింపవచ్చును, ఇల్లు గట్టుకొన్నచో దానికి పేరు లేదు. ఆసుపత్రిలో సంతకము పెట్టుటకు, జంటగా పిల్లను దత్తు తీసికొనుటకు, వీలునామా లేనిచో ఒకరి యాస్తి నొకరు వారసత్వముగ పొందుటకు వారు నేటికిని పరాయివారే. మన దేశపు మలికథ యింకను వ్రాయబడలేదు. ఆర్థరును లైనసును అధికారుల ముందు నిలిచిన ఘట్టము మాకు వినోదముగా మాత్రము తోపకుండుటకు కారణ మిదియే.

చట్టములు సభలలో మాఱును గాని, సుద్యుమ్నుని మెచ్చని ప్రజలు సభలలో లేరు, మన యిండ్లలో నున్నారు. కావున గృహస్థులైన మా చదువరులతో నొక మనవి. భాగవతమును చదువు నిండ్లలో అమృతపు పంపకముతో పుస్తకము మూయక, శివుడు మరల వచ్చిన ఘట్టమును గూడ చదువుడు. పిల్లలు ప్రశ్న లడుగుదురు. అడిగినచో, అది దేవతల సంగతి యని త్రోసిపుచ్చక, భవానివలె నిలిచి వినుడు. ఆ వినువారిలో నొకరికి అది దేవతల సంగతి మాత్రమే కాకపోవచ్చును. ఆ బిడ్డ యింటనుండి పరుగిడి పోవునో, ఇంటనే నిలుచునో, ఆనాటి మీ జవాబు మీద నాధారపడి యుండును.